అత్తగారి పేరున్న గిన్నెలు, అటక మీది కంచు కంచం

పాత వంటపాత్రల గురించి గత సంచికలో ఒక పాఠకురాలికి ఇచ్చిన చిన్న జవాబు చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. కంచాలు, గ్లాసులు, గిన్నెల మీద మనుషులకు ఇంత పట్టింపు ఉంటుందని తెలుసు గానీ, దాని చుట్టూ ఇన్ని తగవులు ఉంటాయని ఊహించలేదు. అందువల్ల ఈ నెల శీర్షిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాం. స్థలాభావం వల్ల వాటిని కొంత క్లుప్తం చేశాం. పేర్లు వేయవద్దని ఎక్కువమంది కోరినందువల్ల ఊళ్ల పేర్లతో సరిపెడుతున్నాం.

ప్రశ్న: మా అత్తగారు పోయి ఏడాది దాటింది. ఆవిడ స్టీలు సామాను మూడు గోనెసంచుల నిండా ఉంది. ప్రతి గిన్నె మీదా ఏదో ఒక పేరూ, తేదీ చెక్కి ఉంటాయి. మేము రెండు పడకగదుల ఫ్లాటులో ఉంటున్నాం. తూకానికి వేసేద్దామంటే మావారు ఒప్పుకోరు. పోనీ బయటికి తీసి వాడుకుందామంటే అదీ ఒప్పుకోరు. ఆ సంచులు బాల్కనీలో అలాగే పడి ఉన్నాయి. ఏం చేయమంటారు?
(ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: మీవారి వైఖరి మీకు మొండితనంగా కనిపించవచ్చు గానీ, చేతిలో ఉన్న వస్తువుకు మనిషి కట్టే విలువ బజారు విలువకన్నా ఎక్కువగా ఉంటుందని ఆర్థికశాస్త్రజ్ఞులు కూడా ఒప్పుకున్నారు. డేనియల్ కానమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ అనే ముగ్గురు 1990లో ప్రచురించిన పరిశోధనలో, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం విద్యార్థులలో సగం మందికి కాఫీ కప్పులు ఇచ్చి, తక్కినవారిని కావలిస్తే వాటిని కొనుక్కోమన్నారు. కప్పు చేతికి వచ్చినవారు దాన్ని అమ్మడానికి అడిగిన ధర, లేనివారు ఇస్తామన్న ధరకు రెండింతల దాకా ఉంది. ఆ కప్పులు వారికి దక్కి ఎంతోసేపు కాలేదు. వాటి మీద తల్లి పేరు లేదు, తల్లి చేయి పడనూ లేదు. అలాంటప్పుడు తాను పెరిగిన ఇంటి గిన్నెలను తూకానికి వేయమంటే మీవారు వెనకాడడంలో వింత లేదు.

అయితే ఆ మూడు సంచులలో ఉన్నదంతా మీ అత్తగారిదేనా అన్నది ముందు చూడాలి. 1960, 70 దశకాల నుంచి మన ఇళ్లలో ఇత్తడి, కంచు పాత్రలు అటకెక్కి వాటి స్థానంలోకి స్టీలు వచ్చింది. కొంత పాత ఇత్తడిని దుకాణంలో మార్పిడికి ఇచ్చి తెచ్చుకున్నది, కొంత పాత బట్టలకు గిన్నెలిచ్చే ఆమె దగ్గర అరగంటసేపు బేరమాడి తీసుకున్నది, మిగిలిందంతా ఇచ్చిపుచ్చుకోవడాలలో వచ్చింది. పాత్రల దుకాణంలో కుర్రవాడు సూది మిషనుతో చుక్కచుక్కగా పేర్లు కొట్టింది ఈ ఇచ్చిపుచ్చుకోవడాల కోసమే. ఎవరు ఎవరికి ఏ సందర్భంలో ఇచ్చారో మరిచిపోకుండా ఉండడానికి. తొందరలో అతడు ఒత్తులు ఎగరగొట్టేవాడు, ఇంటిపేరు తప్పు కొట్టేవాడు, అయినా గిన్నె ఇంటికి వచ్చేది.

కాబట్టి ఒక ఆదివారం మీరిద్దరూ కూర్చుని ఆ పేర్లు చదవండి. పుట్టింటివారు సారెలో పెట్టినవి ఒక పక్కన, గృహప్రవేశాలకూ పెళ్ళిళ్లకూ బంధువులు చదివించినవి ఒక పక్కన, నోముల వాయనాలూ పేరంటాలలో ఇచ్చిన చిన్న డబ్బాలూ ఇంకో పక్కన పెట్టండి. ‘కీర్తిశేషులు’ అని మొదలై ‘జ్ఞాపకార్థం’ అని ముగిసే పళ్లేలు కూడా తప్పకుండా కొన్ని దొరుకుతాయి. పెద్దకర్మ నాడు భోజనానికి వెళ్లినవారందరికీ ఇచ్చిన ఆ పళ్లేలలో సగం మంది ఎవరో మీవారికే తెలియకపోవచ్చు. మొత్తం మీద ఆ సంచులలో ఎక్కువ భాగం ఒక కుటుంబానికి ఊరితో ఉన్న రాకపోకల లెక్క. మీ అత్తగారు చేతితో వాడినవి అందులో బహుశా పది పన్నెండు ఉంటాయి.

వాటిని గుర్తుపట్టడం కష్టం కాదు. చారు కాచిన గిన్నె అడుగు ఎంత తోమినా వదలని నలుపు ఎక్కి ఉంటుంది. రోజూ బియ్యం కొలిచిన గ్లాసుకు ముంచిన వైపు అంచు కాస్త లోపలికి వంగి, లోపలి మెరుపు గీతలు గీతలుగా పోయి ఉంటుంది. ఆ గ్లాసుతో ఎన్ని గ్లాసులు పోస్తే ఇంటిల్లిపాదికీ సరిపోతుందో ఆవిడకు లెక్క ఉండేది. మీవారిని అడిగితే ఆ లెక్క చెప్పగలరు కూడా. ఇలాంటివి ఇంట్లో ఉండాలి, అదీ వాడుకలో ఉండాలి. చదివింపుల గిన్నెలూ వాయనాల డబ్బాలూ వసతి గృహానికో, అన్నదానం చేసే చోటికో, కొత్తగా కాపురం పెట్టిన ఎవరికైనానో ఇచ్చేయవచ్చు. వాటి మీద మీ అత్తగారి పేరున్నంత మాత్రాన అవమానమేమీ లేదు, ఎందుకంటే అవి మొదట మీ ఇంటికి వచ్చింది కూడా అలా ఇంకొకరి పేరుతోనే. తూకానికి వేసినా అది పాపం కాదు. స్టీలును కరిగించి మళ్లీ స్టీలుగానే పోస్తారు. కాకపోతే చేతికి వచ్చే డబ్బు అతి స్వల్పం, దానికోసం భర్తతో నెలల తరబడి వాదన పెట్టుకోవడం దండగ.

వాడనివ్వకపోవడం గురించి మాత్రం మీ పక్షమే నాది. ఏడాదిగా ఎండకూ వానకూ బాల్కనీలో పడి ఉన్న గోనెసంచిని గౌరవమనుకోవడం సరికాదని మీవారికి మృదువుగా చెప్పవలసిందే. ఆ కొలగ్లాసును మాత్రం రేపే బియ్యం డబ్బాలో వేసేయండి, అనుమతి అడగకండి.

ప్రశ్న: మా నానమ్మ కాలం నాటి కంచు కంచం ఒకటి, ఇత్తడి గిన్నెలు కొన్ని అటక మీద దొరికాయి. నల్లగా, పచ్చగా మరకలు పట్టి ఉన్నాయి. ఆ గిన్నెలలో వండాలని, ఆ కంచంలో తినాలని నాకు ఆశ. ప్రమాదమేమీ లేదు కదా? కళాయి వేసేవారు మా వీధిలోకి రావడం మానేసి చాలా కాలమైంది.
(ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: కంచానికీ గిన్నెలకూ ఒకే నియమం వర్తించదు గనుక ఏది కంచో ఏది ఇత్తడో ముందు తేల్చుకోండి. కంచు రాగి, తగరం కలిసిన లోహం. తినే కంచాలకు వాడే మేలిరకంలో నూటికి సుమారు 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరం ఉంటాయి. ఇత్తడిలో రాగితో కలిసేది జింకు. వేలి కణుపుతో కొడితే కంచు చాలాసేపు మోగుతుంది, ఇత్తడి వెంటనే అణిగిపోతుంది. కింద పడితే ఇత్తడికి సొట్ట పడుతుంది, కంచు పగిలిపోతుంది. మీ కంచం అంచు వెంట గోరుతో రాసి చూడండి. సన్నని బీట ఉంటే మోతలో కూడా జీర వినిపిస్తుంది. అలాంటిదాన్ని అలమరలో ఉంచుకోవడమే మంచిది, మాటుకు ఇచ్చినా నిలవదు.

బీట లేకపోతే నిశ్చింతగా తినండి. కంచుకు కళాయి అక్కరలేదు. వడ్డించుకుని అప్పటికప్పుడు తినే భోజనానికి అది బాగానే ఉంటుంది, అయితే పులుసులూ పెరుగూ అందులో పోసి గంటల తరబడి ఉంచకూడదు, పొయ్యి మీద పెట్టకూడదు. శుభ్రం చేయడానికి నానబెట్టిన చింతపండు చాలు. చింతపండులోని పులుపు పైన పట్టిన మకిలిని కరిగిస్తుంది. తరువాత బాగా కడిగి, తడి ఆరనివ్వకుండా పొడిగుడ్డతో తుడవండి, లేకపోతే మరునాటికే మళ్లీ మచ్చలు వస్తాయి. గిన్నెలు తోమే గరుకు పీచు వాడితే అంచున ఉన్న సన్నని గీతలు, పువ్వులు నాలుగు నెలల్లో అరిగిపోతాయి. మీ నానమ్మగారు కొబ్బరిపీచు వాడి ఉంటారు.

ఇత్తడి గిన్నెల సంగతి వేరు. కళాయి లేని ఇత్తడిలో చింతపండు, టమాటా, మజ్జిగ, నిమ్మరసం తగిలితే రాగి కరిగి ఆహారంలోకి దిగుతుంది. వాంతులు, కడుపునొప్పి అందువల్లనే వస్తాయి. అంటే, పులిహోర కలపాలన్న ఆశ ఉంటే కళాయి అయ్యేదాకా దాన్ని వాయిదా వేసుకోవాలి. సరిగా కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలలో వండిన, నిలవచేసిన ఆహారం తినడానికి పనికిరాదని మన ఆహార భద్రతా నిబంధనలే చెబుతున్నాయి. పెచ్చులూడి తుప్పు పట్టిన ఎనామెల్ పాత్రలు కూడా అదే జాబితాలో ఉన్నాయి. ఎనామెల్ పళ్లేలను మురిపెంగా దాచుకున్నవారు ఈ సంగతి గమనించాలి.

కళాయి అంటే తగరపు పూతే. బొగ్గుల కుంపటి మీద గిన్నెను వేడిచేసి, నవసాగరం పొడి చల్లగానే తెల్లని పొగ లేస్తుంది. దానితో లోపలి మకిలి విడిపోతుంది. అప్పుడు తగరపు కడ్డీని గిన్నెకు తాకించి, కరిగిన తగరాన్ని దూది ఉండతో చకచకా లోపలంతా రాస్తారు. గిన్నెను నీళ్లలో ముంచి తీసేసరికి లోపల అద్దంలా మెరుస్తుంది. ఇక్కడ జాగ్రత్తపడవలసింది తగరంలో సీసం కలిపే కక్కుర్తి గురించి. స్వచ్ఛమైన తగరపు కడ్డీని చెవి దగ్గర పెట్టి వంచితే కిర్రుమని సన్నని చప్పుడు వస్తుంది. పనివాడిని అడిగి మీరే వంచి చూడండి, అతడు తప్పుగా అనుకోడు. తగరం 232 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరిగిపోతుంది గనుక, కళాయి గిన్నెను ఖాళీగా మంట మీద పెట్టడం, అందులో వేపుళ్లు చేయడం పనికిరావు. పూత అరిగి లోపల పసుపురంగు తేలినప్పుడు మళ్లీ వేయించుకోవాలి.

మీరున్న చోటికి అజ్జరం దూరమేమీ కాదు. తణుకు దగ్గరి ఆ ఊరు ఇత్తడి పనికి పేరుపడినది. అక్కడ విచారిస్తే కళాయికి దారి దొరుకుతుంది. ఉత్తరాంధ్రవారు శ్రీకాకుళం జిల్లా బుడితిలో అడగవచ్చు. జనగామ జిల్లా పెంబర్తికి కూడా గొప్ప పేరుంది గానీ, అక్కడివారిది ఎక్కువగా రేకు మీద నగిషీ పని.

ప్రశ్న: మా అమ్మ ఆరు నెలల క్రితం పోయింది. నాన్న అన్నయ్య దగ్గర ఉంటున్నారు. అమ్మ సామానులో నాకు కావలసింది మరచెంబు ఒక్కటే. చిన్నప్పుడు ప్రయాణాలలో అమ్మ దానితోనే మాకు నీళ్లిచ్చేది. ‘ఆడపిల్లకు ఇవ్వవలసినవన్నీ పెళ్లిలోనే ఇచ్చేశారు, ఇంటి సామాను ఇంట్లోనే ఉండాలి’ అని వదిన అంటోంది. చెంబు కోసం పోట్లాడుతున్నానని బంధువులు నవ్వుతున్నారు. నాకు హక్కు లేదా?
(ఒక పాఠకురాలు, నెల్లూరు)

జవాబు: ఉంది. మీ అమ్మగారికి పుట్టింటివారు పెట్టినవి, పెళ్లిలోనూ తరువాతా ఆవిడకు కానుకగా వచ్చినవి ఆవిడ స్త్రీధనం. స్త్రీధనం మీద పూర్తి హక్కు ఆ స్త్రీదేనని సుప్రీంకోర్టు 1985లోనే స్పష్టం చేసింది. వీలునామా రాయకుండా హిందూ స్త్రీ మరణిస్తే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆమె ఆస్తి ముందుగా కొడుకులకు, కూతుళ్లకు, భర్తకు సమానంగా చెందుతుంది. మీ పెళ్లిలో మీకు ఏం పెట్టారన్నది ఈ లెక్కలోకి రాదు. నిజానికి ఆ వరుసలో కోడలి పేరే లేదు. ఈ ముక్క మీ వదినగారితో అనమని మాత్రం చెప్పను.

చట్టం వాటా చెబుతుంది గానీ మరచెంబును మూడు ముక్కలు చేయలేదు కదా. పెద్ద ఇళ్లలో ఇలాంటి పంపకాలు గొడవ లేకుండా జరిగిన చోట్ల నేను గమనించిన పద్ధతి ఒకటి ఉంది. తూకానికి విలువ ఉన్న వెండి సామానును మొదటే వేరుచేసి, బరువు తూచి, విలువ కట్టి పంచుకుంటారు. మిగిలిన వాటిలో ఒక్కొక్కరు తమకు ముఖ్యమైన ఒకే ఒక వస్తువు పేరు చీటీ మీద రాసి పెద్దవారి చేతికిస్తారు. చీటీలు విప్పి చూస్తే ఇద్దరు ఒకే వస్తువును కోరడం చాలా అరుదు. ఒకరికి మరచెంబు కావాలి, మరొకరికి పోపులపెట్టె కావాలి, ఇంకొకరికి ఆవకాయ జాడీ కావాలి. మొత్తం సామాను గురించి మాట్లాడుకున్నప్పుడు ఎవరూ ఏదీ వదులుకోరు, ఒక్కటి చెప్పమంటే ఎవరి ఒక్కటి వారికి ఉంటుంది. మీ వదినగారికి కూడా ఒక చీటీ ఇవ్వండి. ఇన్నేళ్లు మీ అమ్మగారితో కలిసి ఆ వంటింట్లో తిరిగింది ఆవిడే. చట్టం లెక్కపెట్టకపోయినా మీరు లెక్కపెట్టాలి.

ఇంకొక్క మాట. మీ ఉత్తరంలో నాన్నగారి ప్రస్తావన ఒక్క వాక్యంలో ముగిసింది. ఆ సామానులో ఆయనకూ వాటా ఉంది. అంతకుమించి, ఆయన ఈనాటికీ ఏ కంచంలో తింటున్నారో, ఏ గ్లాసుతో మంచినీళ్లు తాగుతున్నారో చూసి, వాటిని పంపకంలోకి తేకుండా ముందే పక్కన పెట్టించండి.

ప్రశ్న: మా ఇంట్లో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న ఆమెకు విడిగా ఒక స్టీలు గ్లాసు, పళ్లెం ఉన్నాయి. మా అత్తగారు పెట్టిన పద్ధతి అది. ఈమధ్య కాలేజీ నుంచి సెలవులకు వచ్చిన మా అబ్బాయి ‘ఇది అంటరానితనం’ అని పెద్ద మాట అన్నాడు. ఆమెను అడిగితే ‘నా గ్లాసు నాకుంది, ఇప్పుడు మార్చడమెందుకమ్మా’ అంది. ఇంట్లో మామగారికి కూడా విడిగా గ్లాసు ఉంది కదా? ఎవరి గ్లాసు మీద వారికి అభిమానం ఉండడం తప్పా?
(ఒక పాఠకురాలు, హైదరాబాదు)

జవాబు: వచ్చిన ఉత్తరాలన్నిటిలో నన్ను ఎక్కువసేపు ఆపింది మీదే. మీరు అడిగినదానిలో కొంత నిజం ఉంది గనుక దానికి తేలికగా జవాబు చెప్పడం కుదరదు.

మన ఇళ్లలో కుర్చీకి, మంచానికి కూడా లేనంత గట్టిగా మనిషి పేరు అంటుకునేది కంచానికీ గ్లాసుకే. నాన్నగారి కంచం అంటే ఇంకొకరు అందులో తినరు, తాతగారి గ్లాసు అంటే ఇంకొకరు దాన్ని ముట్టుకోరు. పిల్లవాడికి వెండిగిన్నె, కొత్త అల్లుడికి వెండికంచం పెట్టడంలో ఉన్నదంతా, ‘ఈ ఇంట్లో నీకు ఒక చోటు ఉంది’ అని చెప్పడమే. మనిషి పోయాక ఆ కంచాన్ని చూసి కన్నీళ్లు పెట్టుకునేది కూడా ఆ చోటు ఖాళీ అయినందుకే. అయితే ఏ వస్తువు మనిషికి చోటు ఇస్తుందో, ఎవరి చోటు ఎక్కడిదాకానో చెప్పడానికీ ఆ వస్తువునే వాడుకున్నాం. నెలలో మూడు రోజులు ఆడవారికి విడికంచం పెట్టిన ఇళ్లు మనకు కొత్తేమీ కాదు. కొందరికి ఒక రకం, మరికొందరికి ఒక రకం గ్లాసులు పెట్టి టీ పోసిన హోటళ్లను రెండు గ్లాసుల పద్ధతి అనే పేరుతో మన పల్లెలు చూశాయి. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దుచేసింది. 1955లో వచ్చి, 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మార్చుకున్న శాసనం నాలుగో సెక్షన్‌లో, హోటళ్లలో, సత్రాలలో ప్రజల కోసం ఉంచిన పాత్రలను అంటరానితనం పేరుతో వాడనివ్వకపోవడాన్ని నేరంగా పేర్కొన్నారు. గ్లాసు గురించి చట్టంలో రాయవలసి వచ్చిందంటే అది చిన్న విషయం కాదన్నమాట.

మీ వంటింటి గ్లాసుకు ఆ సెక్షన్ వర్తించదు. మీ అబ్బాయి వాడిన మాట మాత్రం ఊరికే వచ్చింది కాదు. రెండు గ్లాసులూ విడివే అయినప్పుడు తేడా ఎక్కడుందో మీరే చూసుకోవచ్చు. మామగారి గ్లాసు ఎక్కడ బోర్లిస్తారు, ఆమె గ్లాసు ఎక్కడ బోర్లిస్తారు? మామగారి గ్లాసు మిగిలిన గిన్నెలతో కలిపి తోముతారు. ఆమె గ్లాసు కూడా వాటితోనే తోముతారా, లేక ఆమే విడిగా కడిగి గట్టు కింద పెట్టి వెళుతుందా? ఒకరోజు గ్లాసులు చాలక మీ అబ్బాయి ఆమె గ్లాసులో కాఫీ తాగితే ఇంట్లో ఎవరికైనా ఇబ్బందిగా ఉంటుందా? మామగారి గ్లాసును ఇతరులు ముట్టకపోవడం ఆయన మీద గౌరవం వల్ల. ఆమె గ్లాసును ఇతరులు ముట్టకపోవడానికి కారణం అదేనని మీరు చెప్పగలిగితే నాకు అభ్యంతరం లేదు, కానీ మీ ఉత్తరం చదివితే చెప్పగలిగేలా కనిపించలేదు.

ఆమె ‘మార్చడమెందుకు’ అనడాన్ని అభిమానంగా తీసుకోకండి. పద్దెనిమిదేళ్లు జీతం ఇచ్చిన ఇంట్లో అడిగితే ఎవరైనా అదే చెబుతారు. నిజంగా ఆ గ్లాసు మీద ఆమెకు ఇష్టమే ఉంటే ఉండనివ్వండి. అది అందరి గ్లాసుల వరుసలోకి, అదే అరలోకి రావాలి. టీ తాగే వేళకు ఆమె కూర్చోవడానికి ఒక కుర్చీ కూడా లాగండి. ఇదంతా ఒక పెద్ద ప్రకటనలా చేసి ఆమెను ఇబ్బంది పెట్టవద్దు. రేపు ఉదయం ఏ గ్లాసు చేతికి వస్తే అందులో టీ పోసి ఇవ్వండి. నాలుగు రోజులు ఆమెకు కొత్తగా ఉంటుంది, మీకు అంతకన్నా కొత్తగా ఉంటుంది.

ప్రశ్న: మా పాపకు ఐదేళ్లు. కుందేలు బొమ్మ ఉన్న మెలమైన్ పళ్లెంలో తప్ప అన్నం తినదు. దానికి బీటలు పడ్డాయి. పారేస్తే ఏడుస్తుందేమోనని భయం.
(ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: చిన్నపిల్లలు ఒక దుప్పటికో బొమ్మకో అతుక్కుపోవడం సహజమేనని, తల్లి ఎదురుగా లేనప్పుడు వారు ధైర్యం తెచ్చుకోవడానికి అది ఆసరా అని డొనాల్డ్ వినికాట్ అనే బ్రిటిష్ శిశువైద్యుడు 1950 దశకంలోనే వివరించాడు. కొందరికి అది పళ్లెం అవుతుంది. అయితే బీటలు పడిన మెలమైన్‌లో వేడి అన్నం, వేడి పప్పు వడ్డించకూడదు, మైక్రోవేవ్‌లో అసలు పెట్టకూడదు. పళ్లేన్ని పారేయకుండా పాప బొమ్మలకు భోజనం పెట్టే ఆటకు ఇచ్చేయండి. కొత్త స్టీలు పళ్లెం కొనేటప్పుడు పాపను వెంట తీసుకెళ్లి, దుకాణంలో దాని మీద పాప పేరు ఆమె కళ్ల ముందే చెక్కించండి. తన పేరున్న పళ్లెం ముందు కుందేలు ఎక్కువ రోజులు నిలవదని నా నమ్మకం.

ప్రశ్న: నాకు 74 ఏళ్లు. నా భార్య పోయాక ఇల్లు అమ్మి చిన్న ఇంట్లోకి మారుతున్నాను. ఆమె ఎంతో ప్రేమగా చూసుకున్న రాచ్చిప్ప, కంచు గిన్నెలు, ఇత్తడి కాఫీ ఫిల్టరు, రెండు పెద్ద జాడీలు టెక్సాస్‌లో ఉన్న మా అమ్మాయికి ఇద్దామనుకుంటే ‘ఇవన్నీ ఇక్కడ ఎక్కడ పెట్టను నాన్నా, వద్దు’ అంది. నాకు చాలా బాధ కలిగింది. ఆమెకు తల్లి మీద ప్రేమ లేదని అనుకోవాలా?
(ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: అలా అనుకోకండి. మీ అమ్మాయి వద్దన్నది సామానును. తల్లి గురించి ఆమెను మీరు అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. మీకు ఆ వస్తువులన్నీ కలిపి ఒక్కటే, ఎందుకంటే మీరు వాటి మధ్య ఆమెను చూశారు. మీ అమ్మాయికి వాటిలో ఒకటో రెండో మాత్రమే తల్లితో ముడిపడి ఉండవచ్చు. అవేవో మీకు తెలియదు. కనుక ‘ఇవన్నీ తీసుకో’ అనడం మాని, వీడియో కాల్‌లో ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూపిస్తూ, అమ్మ దీనిలో ఏం చేసేదో గుర్తుందా అని అడిగి చూడండి. ఏదో ఒకదాని దగ్గర ఆమె ఆగుతుంది. ఆ ఒక్కటి పంపండి, రెండోది కలపకండి. ఏ దగ్గరా ఆగకపోతే నొచ్చుకోకండి, పదేళ్ల తరువాత అడిగేవారూ ఉంటారు. ఒక్క చిన్న గిన్నెను మీ దగ్గర అట్టిపెట్టుకోవడానికి కొత్త ఇంట్లో చోటు ఉంటుంది.

పంపేటప్పుడు కొన్ని సంగతులు చూసుకోవాలి. జాడీలు పంపడం శ్రమ; మూత ఒకటి, జాడీ ఒకటి అయి చేరతాయి. వాటిని ఆవకాయ పెట్టే బంధువులకే ఇవ్వండి, మరుసటి వేసవికే వాడుకలోకి వస్తాయి. కంచు గిన్నె అయితే చీరలో చుట్టి, పెట్టె మధ్యలో నిలువుగా, చుట్టూ బట్టలు కూరి పెట్టాలి, ఎందుకంటే దెబ్బ తగిలితే అది పగులుతుంది. రాచ్చిప్ప బరువు ఎక్కువ, పైగా జారవిడిస్తే రెండు ముక్కలే. మీరు వెళ్లినప్పుడో, ఆమె వచ్చినప్పుడో చేతిసంచిలో తీసుకెళ్లడం నయం. చాలాకాలంగా వాడకుండా ఉన్న రాచ్చిప్పను ఒక్కసారిగా పెద్దమంట మీద పెట్టకూడదు. లోపలా బయటా నూనె రాసి, రెండు మూడు రోజులు గంజి పోసి ఉంచి, సన్నమంట మీద నెమ్మదిగా అలవాటు చేయాలి.

ఆమె వంటింట్లో ఇండక్షన్ పొయ్యి ఉందేమో అడగండి. దాని మీద ఇత్తడి గానీ రాచ్చిప్ప గానీ వేడెక్కవు. అంట్లు తోమే యంత్రంలో ఇత్తడి, కంచు, కళాయి పాత్రలు వేయకూడదని ఆమెకు ముందే చెప్పండి, ఆ యంత్రంలో వాడే సబ్బుకు ఒక్కసారికే రంగు మారిపోతాయి. కాఫీ ఫిల్టరు లోపలి కళాయి అరిగి ఉంటే గుంటూరులోనే వేయించి పంపండి. ఆ పని చేసేవారు టెక్సాస్‌లో దొరకడం కష్టం.